తలుపు తట్టిన స్త్రీని తిప్పి పంపకండి

విశాఖ ఓడరేవులో ఎగురవేసే తుపాను ప్రమాద సూచికలకు పదకొండు సంఖ్యలున్నాయి. మూడో నెంబరు అంటే ఏమిటో, పదో నెంబరు అంటే ఏమిటో ఈ ఊరి పిల్లలను అడిగినా చెబుతారు. సంఖ్య పెరిగే కొద్దీ జాలరిపేటలో పడవలు ఒడ్డెక్కుతాయి, బడులకు సెలవు ప్రకటిస్తారు, కలెక్టరు కార్యాలయంలో కంట్రోల్ రూము తెరుస్తారు. కట్టుకున్నవాని చేతి దెబ్బలకు భయపడి బతికే ఇల్లాలి గుమ్మం మీద మాత్రం ఏ సూచికా ఎగరదు.

అటువంటి స్త్రీకి మామూలు రోజులలో నాలుగైదు ఆశ్రయాలు ఉంటాయి. పుట్టిల్లు ఉంటుంది. మంచి మనసున్న పొరుగిల్లు ఉంటుంది. పోలీసు స్టేషను, ప్రభుత్వం నడిపే సఖి కేంద్రం, చేతిలో ఫోను ఉంటాయి. అన్నీ సక్రమంగా ఉన్నప్పుడే వీటి గడప తొక్కడానికి ఆమె పదిసార్లు ఆలోచిస్తుంది. విపత్తు వచ్చిన రోజున ఇవన్నీ ఒకేసారి మూతపడతాయి. ఈ నెల మేము పాఠకులతో మాట్లాడదలచినది ఆ రోజును గురించి.

విశాఖ వాసులకు అటువంటి రోజులు కొత్త కావు. 2014లో బక్రీద్ అక్టోబరు 6న జరుపుకున్నాము. ఖుర్బానీ మాంసం పంచిపెట్టిన పళ్లేలు ఇంకా ఇళ్లకు తిరిగి రాకముందే, 12వ తేదీ ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు, నూరేళ్ల చెట్లు నేలకూలాయి. రోజుల తరబడి దీపం లేదు, ఫోను లేదు, రోడ్డు లేదు. ఆ తుపానుకు హుద్‌హుద్ అనే పేరు ఒమాన్ దేశం సూచించినది. నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అ) వద్దకు సబా రాణి వార్తను మోసుకువచ్చిన పక్షి పేరు అది. ఈ హుద్‌హుద్ వచ్చిన వారంలో మాత్రం విశాఖలో ఒక స్త్రీ వార్త పక్క వీధికి కూడా చేరే దారి లేకపోయింది.

తరువాత 2020 వచ్చింది. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఉక్కు కర్మాగారంలోనూ, ఓడరేవులోనూ పనికోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి. వారిలో చాలామంది ఆడవారికి పుట్టిల్లు శ్రీకాకుళంలోనో, ఒడిశాలోనో, బీహారులోనో ఉంటుంది. రైలు ఆగిపోయిన నాడు పుట్టిల్లు ఉండీ లేనట్టే. పనులు ఆగిపోయి, చేతిలో డబ్బు ఆడక, రోజంతా ఇంట్లోనే కూర్చున్న మగవాని కోపం ఎవరి మీదికి మళ్లుతుందో వేరే చెప్పనవసరం లేదు. ఫోను చేద్దామంటే అతడు ఎదురుగానే ఉంటాడు. అందుకే జాతీయ మహిళా కమిషన్ ఆ ఏప్రిల్ 10న, నోరు విప్పకుండా సందేశం పంపుకునేందుకు వీలుగా ఒక వాట్సాప్ నెంబరు ఇవ్వవలసి వచ్చింది. ఆ సంవత్సరం కమిషనుకు అందిన ఫిర్యాదులు 23 వేలు దాటాయి. అంతకు ముందరి ఐదేళ్లలో ఎన్నడూ అన్ని రాలేదు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ అప్పటికే యుద్ధాలలో కాల్పుల విరమణ కోరి ఉన్నారు. ఏప్రిల్ 5న ఆయన ఇళ్లలో కూడా ఆ శాంతి కావాలని ప్రపంచాన్ని అడిగారు.

ఆ లాక్‌డౌన్‌లోనే, రమజాన్ నెలలో, మే 7వ తేదీ తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు, మనవాళ్లు సహరీకి లేచే వేళలో, ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు వెలువడింది. పన్నెండు మంది ప్రాణాలు కోల్పోయారు. కట్టుబట్టలతో, చంటిబిడ్డలతో జనం చీకట్లో పరుగెత్తారు. కింగ్ జార్జి ఆసుపత్రి బాధితులతో నిండిపోయింది. అటువంటి వేళ ప్రాణం దక్కితే చాలునని అందరూ అనుకుంటారు, అది సహజమే. అయితే సహాయ శిబిరం ఎక్కడ తెరిచినా సాధారణంగా కుటుంబాన్ని కుటుంబంగానే లెక్కిస్తారు, యజమాని పేరుతోనే జాబితా రాస్తారు, అందరికీ కలిపి ఒకే చాప చూపిస్తారు. ఆ చాప మీద భర్త పక్కన పడుకోవడానికి భయపడే స్త్రీ ఎవరైనా ఉన్నదా అని అడిగే అలవాటు ఏ శిబిరంలోనూ మాకు కనిపించలేదు.

ఇటువంటి స్త్రీలు ఎక్కడో ఒకరుంటారని అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వివాహమైన స్త్రీలలో దాదాపు నూటికి ముప్పై మంది భర్త చేతిలో ఏదో ఒక విధమైన హింసను చవిచూసినవారే. దేశం మొత్తం మీద శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు నూటికి పద్నాలుగు మంది మాత్రమే. ముస్లిముల ఇళ్లు ఈ లెక్కకు వెలుపల ఉన్నాయని ఎవరైనా చెబితే మేము నమ్మము. ముప్పై ఏళ్లుగా బాలికలకు ఖుర్ఆన్ పాఠం చెబుతున్నాము. పిల్ల పాఠం అప్పగించే గొంతును బట్టి రాత్రి ఆ ఇంట్లో ఏమి జరిగిందో కొంత అర్థమవుతుంది.

మన ధర్మం ఈ విషయంలో ఏమి నేర్పిందో చూద్దాము.

హబీబా బిన్తె సహ్ల్ (రజి) అనే సహాబియా ఉండేవారు. ఆమె భర్త సాబిత్ బిన్ ఖైస్ (రజి). ఒకనాడు దైవప్రవక్త (స) ఫజ్ర్ నమాజుకు బయటికి రాగా, ఇంకా చీకటి విడువని ఆ వేళలో ఒక స్త్రీ ఆకారం గుమ్మం వద్ద నిలబడి ఉన్నది. ఎవరని అడిగారు. తాను హబీబానని చెప్పి, ఇక తానూ సాబితూ కలిసి ఉండలేమన్నది. ఇమామ్ మాలిక్ గారి మువత్తాలో ఈ ఉదంతం ఉన్నది. భర్త కొట్టగా ఆమెకు దెబ్బ తగిలి ఎముక విరిగిందని అబూ దావూద్ గ్రంథంలోని ఒక కథనం. అంత చీకట్లో ఒంటరిగా ఎందుకు వచ్చావని ప్రవక్త (స) ఆమెను అడగలేదు. భర్త అనుమతి ఉన్నదా అని అడగలేదు. ఇంటికి వెళ్లి సహనం వహించమని చెప్పలేదు. సాబిత్‌ను పిలిపించి, ఆయన ఇచ్చిన మహర్ ఆయనకు ఇప్పించి, ఆమెను విడిపించారు. ఖులా ప్రకరణంలో ఈ హదీసును మేము ఏటా చదివిస్తాము. విద్యార్థులు మహర్ లెక్క గుర్తుంచుకుంటారు, గుమ్మం వద్ద నిలబడిన మనిషిని మరచిపోతారు.

మరొక రాత్రి ఎందరో స్త్రీలు ప్రవక్త (స) ఇంటివారి వద్దకు వచ్చి తమ భర్తలు కొడుతున్నారని మొరపెట్టుకున్నారు. తెల్లవారిన తరువాత ఆయన ఆ సంగతిని గుట్టుగా దాచలేదు. ఇందరు స్త్రీలు మా ఇంటి చుట్టూ తిరిగి వెళ్లారనీ, ఆ భర్తలు మీలో ఉత్తములు కారనీ అందరి ముందు చెప్పారు. ఆ స్త్రీలకు ఏ తలుపు తట్టాలో తెలిసి ఉన్నది. ఈ వివరం మాకు ఎంతో ముఖ్యమైనదిగా తోస్తుంది.

ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) ఉదంతం కూడా చూడండి. ఆమెకు తలాఖ్ అయినది. తలాఖ్ సూరా ప్రకారం ఇద్దత్ కాలంలో భార్యను ఇంటినుంచి వెళ్లగొట్టరాదు, ఆమె కూడా వెళ్లరాదు. అయినా ఆమెను వేరొక ఇంటికి మారేందుకు ప్రవక్త (స) అనుమతించారు. ఆమె ఉన్న ఇల్లు జనసంచారం లేని చోట ఉన్నదనీ, ఆమెకు ఏమి జరుగునోనన్న భయం చేతనే ఆ సడలింపు ఇచ్చారనీ హజ్రత్ ఆయిషా (రజి) వివరించారు. ముందు ఉమ్మె షరీక్ (రజి) ఇల్లు అనుకున్నారు. అక్కడికి వచ్చిపోయేవారు ఎక్కువని, చూపులేని ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) ఇల్లు అయితే ఆమెకు ఇబ్బంది ఉండదని మార్చారు. ఎంత చిన్న విషయం వరకు ఆలోచించారో గమనించండి. కప్పు దొరికితే చాలునని ఆయన అనుకోలేదు. ఆ కప్పు కింద ఆమె దుపట్టా తీసి హాయిగా కూర్చోగలదా అన్నది కూడా లెక్కలోకి తీసుకున్నారు.

మదీనా మస్జిదులోనే ఒక నల్లజాతి స్త్రీకి చిన్న గుడారం ఉండేది. ఆమె ఒక తెగవారి విముక్త బానిస. తోలు పట్టీ దొంగిలించావని ఆ తెగవారు ఆమెపై నింద మోపి, అవమానకరంగా సోదా చేశారు. చివరికి ఆ పట్టీని గద్ద ఎత్తుకుపోయిందని తేలినది. ఆమె వారిని విడిచి ప్రవక్త (స) వద్దకు వచ్చింది. ఎవరూ లేని ఆ స్త్రీకి మస్జిదు ప్రాంగణమే ఇల్లయినది. ఇది సహీహ్ బుఖారీలోని ఉదంతం. మస్జిదులో ఆడమనిషికి చోటెక్కడిదని వాదించే ముతవల్లులకు మేము ఈ హదీసు చూపిస్తుంటాము.

ఇక ఫిఖ్హ్ గ్రంథాల మాట. ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలమ్‌గీరీని మన దేశంలోని హనఫీ మదరసాలు నేటికీ ప్రమాణంగా ఎంచుతాయి. భర్త కొడుతున్నాడని, తనను మంచివారి మధ్య కాపురం పెట్టించమని భార్య కోరితే ఖాజీ ఏమి చేయాలో అందులో ఉన్నది. ఆరోపణ నిజమని తెలిస్తే భర్తను అదుపు చేయాలి. తెలియకపోతే ఇరుగుపొరుగును విచారించాలి. ఆ ఇరుగుపొరుగువారు భర్త పక్షం వహించే రకమైతే, ఆమెను సజ్జనుల నడుమకు మార్పించాలి. పొరుగువారు సాక్షులుగా, రక్షకులుగా ఉండవలసినవారని మన ఫుఖహా అంతకాలం క్రితమే రాసిపెట్టారు. గోడ అవతలి ఏడుపు విని టీవీ శబ్దం పెంచుకునే పొరుగును ఏ గ్రంథమూ సజ్జనుల జాబితాలో చేర్చదు.

నిసా సూరాలోని ఒక ఆయత్‌ను అడ్డుపెట్టుకుని మాతో వాదించేవారు ప్రతి ఏడూ వస్తారు. ఆ ఆయత్ ఎవరిపై అవతరించినదో ఆ మహనీయుడు తన జీవితంలో ఏ భార్యపైన గాని, సేవకునిపైన గాని చెయ్యి ఎత్తలేదని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యం పలికారు. అదే సూరాలో భార్యలతో ఉత్తమ రీతిలో కాపురం చేయమన్న ఆజ్ఞ కూడా ఉన్నది. దానిని కంఠస్థం చేసినవారు ఎందుకో మా వద్దకు వాదనకు రారు.

హుద్‌హుద్ రోజున, మేము పాఠం చెప్పే మదరసాలో రేకుల ఇళ్లవారు నలభై మంది దాకా తలదాచుకున్నారు. మంగళవారం నాటికి గాలి తగ్గి అందరూ వెళ్లారు. ఒక ఇల్లాలు మాత్రం ఇద్దరు పిల్లలతో తరగతి గది మూలలో కూర్చుండిపోయింది. ఆమె ఇంటికి ఏమీ కాలేదు, గోడలూ కప్పూ నిలిచే ఉన్నాయి. “ఇల్లు బాగానే ఉందిగదమ్మా, ఇంకా ఇక్కడెందుకు?” అని పెద్దలు అడిగితే తల దించుకున్నది. మా ఇంటివారు ఆమెను లోపలికి తీసుకువెళ్లి మెల్లగా అడిగారు. “ఆపా, ఇల్లు ఉంది. ఆయన కూడా ఉన్నాడు” అన్నదట. మెడ మీద కమిలిన గుర్తులు తుపాను నాటివి కావు.

బయట పెద్దలలో చర్చ మొదలయింది. పరాయి ఇల్లాలిని ఉంచుకుంటే ఊరు ఏమంటుందని ఒకరు, భార్యాభర్తల మధ్య మనమెవరమని మరొకరు, సబ్ర్ చేసుకోమని చెప్పి పంపండని ఇంకొకరు. సబ్ర్ అంటే అల్లాహ్ తరఫున వచ్చిన కష్టాన్ని ఓర్చుకోవడం గాని, ఒక మనిషి చేస్తున్న దౌర్జన్యానికి మెడ అప్పగించడం కాదని మేము చెప్పాము. తౌబా సూరా ఆరవ ఆయత్‌ను కూడా గుర్తుచేశాము. శరణు కోరిన బహుదైవారాధకునికి సైతం శరణు ఇవ్వమని, తరువాత అతనికి భయం లేని చోటికి క్షేమంగా చేర్చమని అందులో ఆదేశం ఉన్నది. శత్రుపక్షం మనిషికే ఆ హక్కు ఉంటే, కలిమా చదివిన మన ఇంటి ఆడబిడ్డకు లేదా అని అడిగాము. వాదన అక్కడితో తెగలేదు. పెద్దలలో వయసు మళ్లిన ఒక ఓడరేవు కూలీ లేచి, “ముందు పిల్లలకు అన్నం పెట్టండి, తరువాత మాట్లాడుకుందాం” అనడంతో తెగింది. ఆమె మా ఇంట్లో ఉన్నది. ఫోన్లు లేవు గనుక పార్వతీపురంలోని ఆమె అన్నకు, అటు వెళ్లే లారీ డ్రైవరు చేత చీటీ పంపాము. ఐదవ రోజున అతడు వచ్చాడు. తరువాతి సంగతులు ఆమెవి, వాటిని రాసే హక్కు మాకు లేదు.

ఆ ఐదు రోజులలో మాకు తెలిసినది ఒకటున్నది. ఆమె మొర వినడానికి ధైర్యం కంటే ముందు ఒక గది, ఒక ఆడమనిషి, ఒక తాళం కావాలి. ఆ మూడూ మన పేటలలో చాలాచోట్ల సిద్ధంగా లేవు.

చట్టం సంగతి కొంత తెలుసుకోండి. 2005 గృహహింస నిరోధక చట్టం మతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తుంది. ఆ చట్టం కింద ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉన్నది. అవసరమైతే భర్తనే ఇల్లు విడిచి వెళ్లమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు, అత్తమామల పేరున ఉన్న ఇంటికి కూడా ఈ హక్కు వర్తించగలదని తీర్పు చెప్పింది. స్త్రీని ఇంటినుంచి వెళ్లగొట్టరాదన్న తలాఖ్ సూరా ఆజ్ఞకు ఇది దూరమైన మాట కాదు. భర్త క్రూరత్వం కారణంగా వివాహం రద్దు కోరే హక్కు ముస్లిం స్త్రీకి 1939 చట్టం ద్వారానే దక్కింది. దాని వెనుక ఆనాటి ఉలమా కృషి కూడా ఉన్నది. 181 మహిళా హెల్ప్‌లైను, 112 అత్యవసర నెంబరు, ప్రతి జిల్లాలో రక్షణాధికారి ఉన్నారు. 2015లో మొదలైన సఖి కేంద్రాలలో వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి లభిస్తాయి. ఆ వసతి సాధారణంగా ఐదు రోజులకే. ఆరవ రోజున ఆమె ఎక్కడికి పోవాలన్న ప్రశ్న మన గుమ్మం ముందే నిలబడుతుంది.

ఆశ్రయాలన్నీ కూలిపోతే ఏమి జరుగుతుందో ఆఫ్ఘనిస్తాన్‌లో చూశాము. మాటకు నొప్పి కలిగినా ఇస్లామీ పత్రికలోనే ఈ సంగతి రాయాలి. 2021కు ముందు అక్కడ ప్రభుత్వ సహాయంతో 23 మహిళా రక్షణ కేంద్రాలు ఉండేవి. పాలన మారిన తరువాత అవి లేకుండాపోయాయి. హింసకు గురై, మగ బంధువులు లేక మిగిలిన కొందరు స్త్రీలను రక్షణ పేరుతో జైళ్లకు పంపుతున్నారని ఐక్యరాజ్యసమితి బృందం 2023 డిసెంబరులో నివేదించింది. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ ఇల్లు చూపిన ప్రవక్త (స) పేరు చెప్పుకునే దేశంలో బాధితురాలికి చెరసాల చూపడాన్ని ఏ దలీల్‌తో సమర్థిస్తారో మాకు అర్థం కాదు.

మంచి ఉదాహరణలు కూడా ఉన్నాయి. 2020లో స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవులలో, మందుల దుకాణానికి వెళ్లి ‘మాస్క్ 19’ కావాలని అడిగితే చాలు, ఆమె ఆపదలో ఉన్నదని గ్రహించి దుకాణదారు సహాయం పిలిచే ఏర్పాటు చేశారు. అదే ఏప్రిల్‌లో జమ్మూ కశ్మీర్ హైకోర్టు కూడా కిరాణా, మందుల దుకాణాలను స్త్రీలు మొర చెప్పుకోగల చోట్లుగా మార్చవచ్చునని సూచించింది. లాక్‌డౌన్ రమజాన్‌లో మన జమాఅత్‌ల యువకులు గడప గడపకు రేషన్ కిట్లు మోశారు. వారి వెంట ఒక్కొక్క ఆడమనిషి వెళ్లి ఉంటే, కిట్టు అందించే రెండు నిమిషాలలో ఎన్ని మాటలు బయటికి వచ్చేవో!

తుపానుల కాలం అక్టోబరు, నవంబరు నెలలలో మళ్లీ వస్తుంది. ప్రతి మస్జిదు కమిటీ అంతకు ముందే ఒక జుమా తరువాత కూర్చుని ఈ విషయం తేల్చుకోవాలి. మదరసాలోనో, కమిటీ వారి ఇంట్లోనో లోపలినుంచి గడియ వేసుకోగల ఒక గది, దానికి దగ్గరలో స్నానాల గది కేటాయించాలి. బాధ్యత ఒక ఆలిమాకు గాని, పేటలో నలుగురూ నమ్మే పెద్దావిడకు గాని అప్పగించాలి. వచ్చిన స్త్రీ ఏ మతస్థురాలని అడగరాదు. ఎక్కడ ఉన్నదో భర్తకు చెప్పరాదు, మంచి మనసుతో రాజీకి వచ్చినవారికి కూడా చెప్పరాదు. నిసా సూరా చెప్పిన ఇరుపక్షాల మధ్యవర్తులను తరువాత పిలవవచ్చు, ఆమె కోరితేనే. ఆమె గాయపడి ఉంటే మొదట ఆసుపత్రి, తరువాత పోలీసులు. మన పంచాయితీ వాటికి బదులు కాదు. ఖర్చుకు బైతుల్‌మాల్ నుంచి కొంత సొమ్ము విడిగా ఉంచాలి. ఇల్లు విడిచి కట్టుబట్టలతో వచ్చిన పేదరాలు జకాత్‌కు అర్హురాలు అవునా కాదా అని సందేహించే కమిటీ వారు మాకు ఉత్తరం రాయవచ్చు, జవాబు ఇస్తాము.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. నికాహ్‌నామా నకలు, ఆధార్, బిడ్డల పుట్టిన ధ్రువపత్రాలు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి పుట్టింట్లోనో, నమ్మకమైన పొరుగింట్లోనో ఒక జత ఉంచండి. తుపానుకు తడవకుండా ఉంటాయని చెబితే అల్లుడు కూడా ఏమీ అనుకోడు. గది తాళంచెవులు రెండు ఉండాలి. ఒకటి ఇమామ్ గారి ఇంట్లో ఆడవారి వద్ద, రెండవది బాధ్యత తీసుకున్న ఆవిడ వద్ద. కరెంటు లేని రాత్రి వెతుక్కోకుండా ఆ గదిలో ఒక లాంతరు, అగ్గిపెట్టె, మంచినీళ్ల బిందె, రెండు దుప్పట్లు ముందే పెట్టి ఉంచండి.